పడుకోబెట్టిన నిప్పు

ఏడో కాజా కూడా వంకర పోయింది.

కోటు ముందుభాగం ఒళ్లో పరుచుకుని ఆమె దాని వంక కాసేపు అలాగే చూసింది. కాజా అంటే బొత్తాం దూరే కంత, అంతే. కానీ ఆ కంత అంచు చుట్టూ దారం ముడి పక్కన ముడిగా, ఒకే ఎత్తున, ఒకే బిగువున సాగాలి. మిషన్ కాజాలు వేసే దుకాణాలు ఊరినిండా ఉన్నాయి. చేతికాజానే కావాలని పట్టుబట్టే కోట్ల మాస్టర్‌కి మాత్రం పన్నెండేళ్లుగా ఆమె కుట్టిందే కాజా. అలాంటి చెయ్యి ఈ చలికాలం మొదలైనప్పటి నుంచీ, మధ్యాహ్నం రెండు దాటితే చాలు, మాట వినడం మానేసింది.

గది వెచ్చగా ఉంది. మూలనున్న ఇనప పొయ్యి చప్పుడు లేకుండా కాలుతోంది. పొయ్యి తలుపుకున్న అద్దం నల్లబడి ఎన్నాళ్లయిందో, లోపల మంట ఉందో లేదో కూడా తెలియదు. అటువైపు పడక్కుర్చీలో మామయ్య, ఆమె భర్త తండ్రి, గడ్డం గుండెల మీద ఆన్చి. కిటికీ బయట మంచు పడుతోందో పొద్దు వాలుతోందో, ఏదో తెల్లగా మెల్లగా కదులుతోంది.

అప్పుడు అమ్మ వచ్చింది.

తలుపు తీసిన చప్పుడు ఎప్పుడూ ఉండదు. ముందు బట్టలసబ్బు వాసన వస్తుంది. తర్వాత చూస్తే ఎదురుగా స్టూలు మీద అమ్మ కూర్చునే ఉంటుంది. పోయి నాలుగేళ్లయిన మనిషని తెలుస్తూనే ఉంటుంది, అయితే అది అంత పెద్ద విషయంగా తోచదు. అమ్మ దారం కొస నోట్లో తడిపి, ఒక కన్ను మూసి సూదిలోకి ఎక్కించి అందించింది. "ఇంకొక్క కాజా కుట్టి లేద్దువు గానిలే," అంది. సరేనమ్మా అంటూ ఆమె కుట్టడం మొదలుపెట్టింది. సూది బట్టలోకి దిగుతోంది, చాలాసేపటికి పైకి వస్తోంది. గోడలు కాస్త వెనక్కి జరిగినట్టున్నాయి. ఎక్కడా ఏ తొందరా లేదు.

"నిద్రగన్నేరూ!"

ఉలిక్కిపడి లేచేసరికి సూది వేలిలో దిగబడి ఉంది. స్టూలు ఖాళీగా ఉంది. మామయ్య కుర్చీలో ముందుకు వంగి, తన కళ్లు తాను నులుముకుంటూ చూస్తున్నాడు.

"పట్టపగలు కూర్చున్నచోటే కునికితే కొంపలు మునగవూ? ఒళ్లో సూది పెట్టుకుని మరీ!"

"కునకలేదు మామయ్యా. తల కొంచెం బరువుగా..."

"తల బరువు కాదమ్మా, ఒళ్లు బరువు," అని ఆయన మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచాడు.

ఆయనా అంతసేపూ నిద్రపోతూనే ఉన్నాడు. కానీ ఆయన కునికితే విశ్రాంతి, ఆమె కునికితే బద్ధకం. ఈ లెక్క ఆ ఇంట్లో ఎవరు వేశారో తెలియదు గానీ, దాన్ని తప్పుపట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆమె కూడా పట్టలేదు. నిజంగానే తనకేదో బద్ధకం పట్టుకుందనీ, ముప్పై ఎనిమిదేళ్లకే తన పని అయిపోతోందనీ లోలోపల భయపడుతోంది.

మామయ్య పొయ్యి పని మొదలుపెట్టాడు. బట్టలమిల్లులో ముప్పై ఆరేళ్లు బాయిలర్ నడిపిన మనిషి. ఇంట్లో ఆ పొయ్యి మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. తలుపు తీసి, నిప్పుల మీద మొద్దొకటి అడ్డంగా పెట్టాడు. ఇంకా పచ్చిగా, బరువుగా ఉన్నదాన్నే ఏరి తెచ్చాడు, బరువున్న కట్టెలోనే బలముందని ఆయన నమ్మకం. మొద్దు చివర్ల నుంచి నురగ కక్కుతూ సుయ్యిమంది. దాని మీద బూడిద కప్పి తలుపు మూశాడు. కింద గాలి వచ్చే రేకును పూర్తిగా జరిపేశాడు. గొట్టంలో ఉన్న తిప్పుడు మూతను పిడి పట్టుకుని ముప్పాతిక వంతు మూసేశాడు.

"ఇదీ నిప్పుని పడుకోబెట్టడమంటే," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "శనివారం సాయంత్రం పడుకోబెడితే సోమవారం పొద్దున లేచేది మా బాయిలర్. కట్టె కలిసొస్తుంది, వేడీ పోదు."

కిటికీ సందుల్లోంచి చలిగాలి రాకుండా గుడ్డపీలికలు కుక్కినవాడు కూడా ఆయనే. ఆ పీలికలు కోట్ల లైనింగులో మిగిలిన ముక్కలు. అడిగితే ఆమే ఇచ్చింది.

*

మర్నాడు పొద్దున కోట్లు మూటగట్టుకుని బయలుదేరింది. ఇంటిమెట్లు దిగేటప్పుడు తల దిమ్ముగా ఉంది. మొదటి సందు దాటేసరికి కాస్త తేలికైంది. రెండో సందు మలుపులో, రొట్టెల దుకాణం ముందు, ప్రపంచం ఎవరో కడిగిపెట్టినంత తేటగా కనబడింది. చలికి చెవులు మండుతున్నా ఆ నడక ఆమెకు హాయిగా ఉంది.

మాస్టర్ కళ్లజోడు నెత్తి మీదికి నెట్టుకుని, కోట్లు ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. అలమరలోంచి పాత కోటు ఒకటి తీసి పక్కన పెట్టాడు.

"ఇది కిందటి ఎండాకాలం నువ్వు కుట్టిన కాజా. ఇది నిన్న కుట్టింది. నువ్వే చూడు అమ్మాయ్."

ఆమె చూసింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇలా ఇవ్వండి, విప్పి మళ్లీ కుడతాను," అని అక్కడే బెంచీ మీద కూర్చుంది. తలుపు తీసే ఉంది, చలిగాలి లోపలికి వస్తోంది. రెండు కాజాలు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చింది. మాస్టర్ వాటి మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాశాడు. ముడి తర్వాత ముడి, గీత గీసినట్టున్నాయి.

"ఇక్కడ కుదిరింది ఇంట్లో ఎందుకు కుదరదు? అక్కడేం చేస్తుంటావు, పడుకుంటావా?"

ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఈ ఆరు కోట్లూ శనివారానికి కావాలి. పెళ్లివారివి. ఇవీ ఇలాగే వస్తే నేనూ మిషన్ కొనుక్కోక తప్పదు. నీ మీద కోపం కాదమ్మాయ్. నా కొట్టు పేరు పోతుంది," అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆమె కళ్లు తుడుచుకుంది. కాజా తప్ప ఆమెకు ఇంకో విద్య తెలియదు. అమ్మ నేర్పింది అదొక్కటే. అది కూడా పోతే తనలో అమ్మది అంటూ ఏం మిగులుతుందో ఆమెకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్తకు చెప్పింది. ఆయన బూట్లు విప్పుతూ విన్నాడు.

"నాన్న కూడా అంటున్నాడు, మధ్యాహ్నాలు పడుకుంటున్నావట కదా. కొంచెం ఓపిక తెచ్చుకోవచ్చుగా?"

"మీకు పొద్దున్నే తలనొప్పి అంటారు కదా, అలాంటిదే నాకూ..."

"నాది బస్సెక్కగానే పోతుంది. పనిలో పడితే ఏ నొప్పీ ఉండదు," అన్నాడు భర్త.

ఆమె అన్నం వడ్డించడానికి లేచింది. అమ్మ వస్తోందని చెప్తే ఏమంటారో తెలుసు. చెప్తే అమ్మ రావడం మానేస్తుందేమోనని ఇంకో భయం కూడా ఉంది.

*

వీధి పొగగొట్టాలన్నీ ఊడ్చేది ఒక నడివయసు ఆడమనిషి. మసిపనిని బట్టి అందరూ ఆమెను మసక్క అంటారు, ఆమె కూడా తలుపు తట్టి "మసక్కని" అనే చెప్తుంది. రెండేళ్లుగా ఆమె వచ్చినప్పుడల్లా మామయ్య గుమ్మంలోంచే పంపించేస్తున్నాడు. బాయిలర్ నడిపినవాడికి గొట్టం సంగతి ఒకరు చెప్పాలా అని.

గురువారం మధ్యాహ్నం మసక్క పక్కింటి కప్పు మీద ఉంది. అక్కణ్ణించి చూస్తే ఈ ఇంటి గొట్టం నోటి చుట్టూ నల్లటి పెచ్చు కట్టి, కంత పిడికిలంతే మిగిలింది. వచ్చే కాస్త పొగా పైకి లేవకుండా పెంకుల మీద జారుతోంది. ఆమె నిచ్చెన దిగి వచ్చి తలుపు తట్టింది.

ఆ చప్పుడు కోడలికి ఎక్కడో నీళ్లడుగున వినిపించింది. ఎదురుగా అమ్మ దారం తడుపుతోంది. "ఎవరోలే, నువ్వు కుట్టు," అంది అమ్మ. మళ్లీ తలుపు దబదబా మోగింది. లేచి నడుస్తుంటే నేల మెత్తగా ఉంది. గడియ తీయడానికి రెండుసార్లు తడుముకుంది.

మసక్క ఆమె మొహం చూసింది. గదిలోకి, మూసిన కిటికీల వైపు, నల్లటి అద్దం వైపు చూసింది. "తలనొప్పా?" అంది. జవాబు కోసం ఆగకుండా ఆమె రెక్క పట్టుకుని మెట్ల మీదికి లాగి కూర్చోబెట్టింది. లోపలికి పరుగెత్తి కిటికీ రెక్క ఒక్క గుంజు గుంజింది, పీలికలు నేల మీద రాలాయి. తర్వాత మామయ్యని కుదిపింది. ఆయన లేవలేదు. గట్టిగా కుదిపింది. మూడోసారికి కళ్లు తెరిచి, "అప్పుడే వెళ్లిపోతున్నావా?" అన్నాడు ఎవరితోనో.

ఆయన్ని కూడా మెట్ల మీదికి చేర్చేసరికి మసక్కకి ఊపిరి ఎగబోసింది.

"మీ ఇంట్లో పొయ్యి లేదు బాబాయ్‌గారూ, మృత్యువుంది," అంది నడుం మీద చెయ్యేసుకుని. "అసలు బతికెలా ఉన్నారు మీరు?"

తర్వాత తెలిసింది ఎలా బతికారో. వెనకగది కిటికీ అద్దం పగిలి ఏడాదైంది. మార్పించమని కోడలు భర్తని పోరుతూనే ఉంది, ఆయన రేపు రేపంటూనే ఉన్నాడు. ముగ్గురూ రాత్రులు పడుకునేది ఆ గదిలోనే. మొగుడి సోమరితనం మేలు చేయడం ఆమె పెళ్లయ్యాక అదే మొదటిసారి.

నిప్పు ఆర్పి, పొయ్యి చల్లారాక, మసక్క బ్రష్షు కడ్డీలు ఒకదానికొకటి బిగించి గొట్టంలోకి దింపింది. గాజుపెంకుల్లా మెరిసే నల్లటి తారు బక్కెట్టు నిండా రాలింది.

"ఇదే ఓ రోజు గొట్టంలో అంటుకుందంటే కప్పు లేచిపోతుంది. అది ఒక ప్రమాదం. రెండోది అంతకన్నా పెద్దది. పొగైతే దగ్గొస్తుంది, లేచిపోతాం. కట్టె గాలాడక కుమిలినప్పుడు పుట్టే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. పైకి దారి లేకపోతే గదిలోకే వస్తుంది. ముందు తల బరువు, తర్వాత మత్తు, తర్వాత..." అని ఆగిపోయింది. "ఈ అమ్మాయి పొయ్యి పక్కనే కూర్చుని పనిచేస్తుంది కాబోలు."

"నిప్పుని పడుకోబెట్టడం నాకు నేర్పుతున్నావా? ముప్పై ఆరేళ్లు..." మామయ్య గొంతు పెంచాడు.

"మీ మిల్లు గొట్టం ఎంతెత్తు బాబాయ్‌గారూ?"

"నూట ఇరవై అడుగులు."

"ఇదీ?"

మామయ్య పైకి చూశాడు. "పధ్నాలుగు," అన్నాడు.

"అది ఎంత నిద్రలో ఉన్నా లాగుతుంది. ఇది లాగలేదు. మీ విద్య తప్పు కాదు, ఆ విద్య ఈ పొయ్యిది కాదు."

కోడలు తారు పెచ్చుల్ని చూస్తూ కూర్చుంది. బద్ధకం కాదన్న మాట. ఆ మాట గుండెల్లోకి దిగి కళ్లలోంచి నీళ్లయి వచ్చింది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది.

"అక్కా, ఆ గాలి వల్ల మనుషులు కనబడతారా?" అని మెల్లగా అడిగింది.

కడ్డీలు విప్పుతున్న మసక్క చేతులు ఆగాయి. "కనబడతారమ్మా. మాటలు కూడా వినబడతాయి. ఒకాయన, ఎప్పుడో పోయిన తన తమ్ముడొచ్చి పేకాడి వెళ్తున్నాడని చెప్పేవాడు. గొట్టం బాగుచేశాక ఇక రాలేదు."

మెట్ల చివర కూర్చున్న మామయ్య తల తిప్పి మసక్క వైపు చూశాడు. ఏదో అడగబోయి మానేశాడు.

వెళ్లేముందు మసక్క కోడలిని పొయ్యి ముందు కూర్చోబెట్టి చేసి చూపించింది. రెండు కట్టెలు తీసుకుని కొట్టింది. మామయ్య కట్టె దబ్బుమంది, బాగా ఎండింది టంగుమంది. చివర్లు పగుళ్లిచ్చి తేలిగ్గా ఉన్నదే వాడాలంది. పెద్దవి అడుగున, చిన్న పుల్లలు పైన పేర్చి పైనుంచి అంటించింది. కింద రేకు పూర్తిగా తెరిచింది. మంట పైనుంచి కిందికి దిగుతూ పొగ లేకుండా అందుకుంది.

"కట్టెలన్నీ బాగా రాజుకున్నాక రేకు కొంచెం తగ్గించు, ఎప్పుడూ పూర్తిగా మూయకు. చిన్న మంటైనా చురుగ్గా ఉండాలి. అద్దం తేటగా ఉందంటే సరిగ్గా మండుతున్నట్టు. గుడ్డలూ కోట్లూ రెండు బారల దూరంలో ఉండాలి. బూడిద మూతున్న రేకుడబ్బాలోకి ఎత్తి బయట పెట్టు, అడుగున రెండు రోజులైనా నిప్పుంటుంది."

గొట్టంలోని మూత మళ్లీ ఎవరూ తిప్పకుండా పిడిని ఇనపతీగతో బిగించి కట్టింది. ఆ విషవాయువుని పసిగట్టే, సబ్బుపెట్టె అంత తెల్లటి అలారం ఒకటి గోడకి తగిలించింది. "ఇది కూసిందంటే ఏం పనిలో ఉన్నా సరే, బయటికి పరుగెత్తండి," అని బక్కెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

*

శుక్రవారమంతా పొయ్యి అద్దంలో మంట పసుపుగా ఆడుతూ కనబడింది. ఆమె కిటికీ దగ్గరికి జరిగి కూర్చుని కుట్టింది. రెండయింది, మూడయింది. సూది ఎక్కడ దిగాలో అక్కడే దిగింది. మధ్యమధ్య స్టూలు వైపు చూసింది. అది వట్టి స్టూలు, ఒక కాలు కొంచెం పొట్టిది. దారం కొస తానే తడుపుకుని, ఒక కన్ను మూసి, తానే ఎక్కించుకుంది. ఇంత తేటగా ఉండటం ఇంత ఒంటరిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

మామయ్య నిద్రగన్నేరు అనలేదు. కుర్చీలో కళ్లు మూసుకుని పడుకునేవాడు, నిద్ర పట్టక లేచేవాడు, గదిలో తిరిగేవాడు, మళ్లీ కూర్చునేవాడు. భర్త మాత్రం సాయంత్రం వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "ఓపిక తెచ్చుకోమన్నాను, తప్పయింది," అన్నాడు. ఆ రోజే పగిలిన అద్దం మార్పిస్తానని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఆమె నమ్మలేదు.

శనివారం ఆరు కోట్లూ తీసుకెళ్లింది. మాస్టర్ బొటనవేలితో ప్రతి కాజా రాసి చూశాడు. ఆఖరిదాని దగ్గర కళ్లజోడు తీసేసి, "మిషన్ అక్కర్లేదు," అన్నాడు. వచ్చే వారానికి ఎనిమిది కోట్లు కట్టి ఇచ్చాడు.

మూట చంకలో పెట్టుకుని ఇంచుమించు పరుగున ఇంటికి వచ్చింది. మామయ్యకి చెప్పాలని ఉంది. దెప్పడానికి కాదు, ఊరికే చెప్పాలని. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆగిపోయింది.

గది మసగ్గా, వెచ్చగా ఉంది. పొయ్యి అద్దం నల్లబడింది. ఇనపతీగ విప్పి నేల మీద పడేసి ఉంది. కింద రేకు మూసి ఉంది. కిటికీ సందుల్లో పీలికలు మళ్లీ వచ్చి చేరాయి. మామయ్య కుర్చీ ఎదురుగా రెండో కుర్చీ వేసి ఉంది. దాని వీపు మీద అత్తయ్య శాలువా, పక్కన చిన్నబల్ల మీద రెండు కప్పుల టీ. రెండో కప్పు ఎవరూ ముట్టలేదు. అత్తయ్య జడ వేసుకుంటూనే ఉన్నట్టుండి పోయి రెండేళ్లయింది.

అలారం కూయలేదు. దాని వెనక మూత తెరిచి, ఖాళీగా ఉంది. మామయ్య చొక్కా జేబులో రెండు బ్యాటరీల ఆకారం తెలుస్తోంది.

"మామయ్యా!"

ఆయన సగం కళ్లు తెరిచాడు. "ఒక్క పది నిమిషాలమ్మా," అన్నాడు, బడికి పోనని బతిమాలే పిల్లాడి గొంతుతో. "ఈ చలికాలమంతా రోజూ వచ్చింది. జడ సగం వేసుకుని వచ్చేది. చెప్పకుండా వెళ్లిపోయింది కదా... ఒక్కసారి చెప్పనీ."

ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఎక్కడో బట్టలసబ్బు వాసన వచ్చినట్టయింది. నిజంగా వచ్చిందో, రావాలని తను కోరుకుందో తెలియదు. స్టూలు అక్కడే ఉంది. కూర్చుంటే చాలు. ఒక్క పది నిమిషాలే. ఆమె కాలు ఒక అడుగు ముందుకు పడింది కూడా.

అప్పుడు చంకలో ఉన్న కోట్ల మూట జారి కింద పడింది. ఆ చప్పుడికి ఆమె మళ్లీ తానయింది.

ఊపిరి బిగబట్టి కిటికీ దగ్గరికి వెళ్లి రెక్క లాగింది. పీలికలు గుప్పిట్లో పట్టి గుంజి బయటికి విసిరేసింది. మామయ్య చంకల కింద చేతులు వేసి లేపింది. బాయిలర్ మనిషి, ఇంకా బరువే. ఆయన కుర్చీ చెయ్యి వదల్లేదు. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి మెట్ల మీదికి నడిపించి కూర్చోబెట్టింది. మళ్లీ వెళ్లి, గొట్టం మూత తిప్పి తెరిచి, కింద రేకు కూడా తెరిచి, ఒక్క అంగలో బయటపడింది. వస్తూ వస్తూ అత్తయ్య శాలువా తెచ్చి ఆయన భుజాల మీద కప్పింది.

చాలాసేపు ఇద్దరూ చలిలో కూర్చున్నారు. ఆయన మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. అంత ముసలాయన అలా ఏడవడం ఆమె చూడలేదు. జారిన శాలువాని మళ్లీ ఆయన భుజాల మీదికి లాగింది.

"నిన్ను బద్ధకమన్నాను. అదే మత్తు నాకూ ఉందని నాకు తెలియలేదమ్మా," అన్నాడాయన చివరికి.

"నా దగ్గరికీ వచ్చేది మామయ్యా. మా అమ్మ."

ఆయన చేతులు తీసి ఆమెను చూశాడు. ఇన్నేళ్లలో ఆయన ఆమెను అలా చూడటం అదే మొదలు. జేబులోంచి బ్యాటరీలు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

గదిలో గాలి మారి, పొయ్యి పూర్తిగా చల్లారాక లోపలికి వెళ్లారు. ఆమె అలారంలో బ్యాటరీలు వేసింది, అది ఒకసారి కిచ్చుమంది. మామయ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, మాడిన పచ్చిమొద్దు తీసి బయట పడేశాడు. ఎండుకట్టెలు రెండు తీసి కొట్టి చూశాడు. టంగుమన్నాయి. పెద్దవి అడుగున, పుల్లలు పైన పేర్చి, పైనుంచి అంటించాడు. తీగ కోసం నేలంతా తడిమి, మూత పిడిని తానే మళ్లీ కట్టాడు. అద్దం వెనక మంట లేచింది.

ఆమె కొత్త కోటు ఒకటి ఒళ్లోకి తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. వెలుగు తగ్గుతోంది. ఒక కాజా పూర్తి చేసి, ఇక చాలనుకుని సూది బట్టకి గుచ్చి పక్కన పెట్టబోయింది.

"మీ అమ్మ ఏమనేదమ్మా వచ్చినప్పుడు?" అడిగాడు మామయ్య, మంట వైపు నుంచి కళ్లు తిప్పకుండా.

"ఏముంది మామయ్యా. ఇంకొక్క కాజా కుట్టి లేద్దువు గానిలే అనేది."

ఆయన లేచి దీపం వేశాడు. బల్ల మీది దారపుండ తీసుకుని, కొస నోట్లో తడిపి, ఒక కన్ను మూసి, సూది కోసం చెయ్యి చాపాడు. నాలుగుసార్లు తప్పి ఐదోసారి ఎక్కించాడు.

"అయితే ఇంకొక్కటి కుట్టి లేమ్మా," అని సూది ఆమెకు అందించి, వెళ్లి పొయ్యి గాలి రేకు ఇంకో వేలెడు తెరిచాడు.